మహావీర చక్ర మేజర్ పద్మపాణి ఆచార్య

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం ప్రచురించడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి, దామోదరం సంజీవయ్య గారి గురించి మన సీనియర్ అన్నయ్యలు ఎంతో చక్కగా రాశారు. ఈసారి ఎవరి గురించి రాద్దామని మేము కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఒక సైనికుని పేరు వచ్చింది. అది ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పుకోవాలి.

మా బ్యాచ్ మిత్రుడొకడు రెండేళ్లుగా ఆర్మీకి ప్రయత్నిస్తున్నాడు. తెల్లవారుజామున 4 గంటలకే లేచి, సంగం డైరీకి పాల వ్యాన్లు వచ్చే వేళకు గుంటూరు-తెనాలి రోడ్డు మీద పరుగు మొదలు పెడతాడు. 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాలలోపు పూర్తి చేస్తేనే పూర్తి మార్కులు. వాడికి తోడుగా మేము కూడా కొన్నాళ్లు పరుగెత్తాం, తర్వాత మానేశాం. వాడు మానలేదు. వాళ్లమ్మకు మాత్రం ఇష్టం లేదు. కూలికి పోయి చదివించుకున్న కొడుకు తుపాకి పట్టుకుని మంచుకొండల్లోకి పోవడమేమిటని ఆమె బాధ. 2025 మే నెలలో గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ కుర్రవాడు సరిహద్దులో చనిపోయినప్పుడు ఆ వార్త టీవీలో చూసి ఆమె ఫోన్ చేసింది. చనిపోయాక పతకం ఇస్తారట, ఆ పతకం పెట్టుకుని తల్లి ఏం చేసుకుంటుందని అడిగింది. మా మిత్రుడి దగ్గర సమాధానం లేదు. మా దగ్గరా లేదు. ఆ ప్రశ్న వెంటపడే ఈ వ్యాసం మొదలైంది.

మన తెలుగునేలకు చెందిన సైనికుల్లో, యుద్ధంలో ప్రాణం ఇచ్చి మహావీర చక్ర పొందిన వారెవరని వెతికితే ముందుగా కనిపించేది మేజర్ పద్మపాణి ఆచార్య. ఆయన చనిపోయేనాటికి మేము పుట్టలేదు. ఎల్.ఓ.సి. కార్గిల్ అనే హిందీ సినిమా 2003లో వచ్చింది. మాలో చాలామందిమి పుట్టింది ఆ ఏడాదికి అటూ ఇటూనే. జె.పి.దత్తా తీసిన ఆ సినిమాలో ఆచార్య గారి పాత్ర వేసింది మన అక్కినేని నాగార్జున. ఒక జనవరి 26న జెండా ఎగరేసి, మిఠాయి తిని, టీవీ గదిలో చాపల మీద కూర్చుని మేమంతా ఆ సినిమా చూశాం. నాగార్జున కనపడినప్పుడు ఈలలు వేశాం. ఆ పాత్ర పేరు గల మనిషి నిజంగా హైదరాబాదులో పెరిగాడని, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివాడని మాకు అప్పుడు తెలియదు. ఇప్పటి తమ్ముళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఆచార్య గారి కుటుంబం మూలాలు ఒరిస్సావి. తండ్రి జగన్నాథ ఆచార్య గారు భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేసి రిటైర్ అయ్యారు. వారు హైదరాబాదులో స్థిరపడ్డారు. ఇంట్లో పద్మపాణిని అందరూ బబ్లూ అని పిలిచేవారు. యూనిఫారం అంటే ఆ ఇంట్లో కొత్త కాదు. మన ఇళ్లల్లో చొక్కాకు ఇస్త్రీ చేసుకోవడమే పండగరోజు పని. వాళ్ల ఇంట్లో అది రోజూ ఉండే క్రమశిక్షణ. ఈ తేడాను దాచిపెట్టి రాయడం మాకు ఇష్టం లేదు. ఆయన ఆఫీసరు కొడుకు, ఇంగ్లీషు చదువు చదివినవాడు, మనలాంటివాడు కాదు. మా చర్చలో ఒక తమ్ముడు ఇదే అడిగాడు, ఆయనకూ మనకూ ఏమిటి సంబంధం అని. ఆ ప్రశ్నకు జవాబు ఆయన చనిపోయిన రాత్రి దగ్గర ఉంది. అక్కడికి వెళ్లాక చూద్దాం.

డిగ్రీ అయ్యాక 1993లో ఆయన మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో చేరారు. మరుసటి ఏడాది శిక్షణ పూర్తి చేసుకుని రాజపుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో అధికారిగా చేరారు. భారత సైన్యంలోని అతి పాత రైఫిల్ రెజిమెంట్ ఇది. ఇందులో జవాన్లు ఎక్కువగా రాజపుత్రులు, జాట్లు. రాజస్థాన్, హర్యానా పల్లెల నుంచి వచ్చిన రైతుబిడ్డలు. వారి మధ్యకు వెళ్లి, వారి భాషలో మాట్లాడి, వారి కంచంలో తిని, వారి చేత మన సాబ్ అనిపించుకోవడం హైదరాబాదు కుర్రవాడికి ఒక్కరోజులో వచ్చే పని కాదు. ఆచార్య గారు అయిదేళ్లలో కంపెనీకి కమాండర్ అయ్యారు. కంపెనీ అంటే సుమారు వంద మంది ప్రాణాలు ఒక మనిషి మాట మీద ఆధారపడి ఉండడం.

ఈలోగా ఆయనకు పెళ్లయింది. 1999 వేసవి నాటికి భార్య గర్భవతి.

ఇక కార్గిల్ యుద్ధం గురించి. పరీక్షల కోసం జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మనం ఆపరేషన్ విజయ్ అని ఒక్క మాటలో బట్టీ పడతాం కనుక కొంచెం వివరంగా చెప్పుకుందాం. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే జాతీయ రహదారి పక్కన ద్రాస్, కార్గిల్ అనే ఊళ్లున్నాయి. ఆ రోడ్డుకు ఉత్తరాన ఎత్తైన పర్వత శిఖరాలు, వాటి మీదుగా నియంత్రణ రేఖ. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు ఎన్నో డిగ్రీల కిందకు పడిపోతుంది. ఆ చలికాలంలో ఖాళీ అయిన శిఖరాలపైకి పాకిస్తాన్ సైనికులు రహస్యంగా ఎక్కి బంకర్లు కట్టుకున్నారు. 1999 మే మొదటి వారంలో గొర్రెల కాపరులు వాళ్లను చూసి మన సైన్యానికి చెప్పారు. ఇంత పెద్ద దేశానికి మొదటి కబురు అందించింది గొర్రెలు కాసుకునే పేదవాళ్లు అన్న సంగతిని తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాలి. పుస్తకాల్లో ఇది ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది.

శిఖరం మీద ఉన్నవాడికి కింద రోడ్డు మీద పోయే లారీ కూడా కనిపిస్తుంది. కింద ఉన్నవాడికి పైనున్నవాడి తలకాయ కూడా కనిపించదు. మనలో తిరుమల మెట్లెక్కిన వాళ్లకు మూడున్నర వేల మెట్లు ఎక్కితే మోకాళ్లు ఏమవుతాయో తెలుసు. తిరుమల కొండ ఎత్తు మూడు వేల అడుగుల లోపే. ద్రాస్ కొండలు దానికి అయిదు రెట్లు. అక్కడ గాలిలో ప్రాణవాయువు తక్కువ, నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. చెట్టూ చేమా లేదు, దాక్కోవడానికి బండరాళ్లే దిక్కు. వీపు మీద మందుగుండు, చేతిలో తుపాకి, పై నుంచి మెషిన్‌గన్. పగలు ఎక్కితే పిట్టల్లా రాలిపోతారు కనుక రాత్రిపూట ఎక్కాలి. తెల్లారేలోగా శిఖరం చేరకపోతే మళ్లీ అదే సంగతి.

ద్రాస్ పైన ఉన్న తోలోలింగ్ శిఖరం కోసం మన సైన్యం మే నెలాఖరు నుంచి మూడు వారాలు పోరాడింది. 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ తన అధికారులను, జవాన్లను పోగొట్టుకుంది. చివరకు జూన్ 13 తెల్లవారుజామున ఆచార్య గారి బెటాలియన్ 2 రాజపుతానా రైఫిల్స్ తోలోలింగ్‌ను గెలిచింది. ఆ యుద్ధంలో మనకు దక్కిన మొదటి పెద్ద విజయం అదే. దానికి ఆ బెటాలియన్ చెల్లించిన మూల్యం కూడా పెద్దదే. మేజర్ వివేక్ గుప్తా ఆ శిఖరం మీదే ప్రాణాలు విడిచారు. పోయినవారి కోసం ఏడవడానికి కూడా వారికి సరిగా రెండు వారాలు దొరకలేదు. వెంటనే మరో పని అప్పగించారు. తోలోలింగ్ దాటాక నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే శిఖరాల వరుస. అవి కూడా గెలిస్తేనే టైగర్ హిల్ వైపు దారి.

ఈ రెండు యుద్ధాల మధ్య, జూన్ 19న, ఆచార్య గారు తండ్రికి ఒక ఉత్తరం రాశారు. తర్వాతి కాలంలో ఆ ఉత్తరం పత్రికల్లో అచ్చయి దేశమంతా చదివింది. మరో రెండు రోజుల్లో ఆయన పుట్టినరోజు. ఆ ఉత్తరంలో ఏడుపు లేదు, గొప్పలు లేవు. యుద్ధంలో చావులు గాయాలు ఈ వృత్తిలో ఉండేవే, వాటి గురించి దిగులు పడవద్దని తండ్రికి ధైర్యం చెప్పారు. యుద్ధంలో పాల్గొనడం జీవితకాలంలో దొరికే గౌరవమని, అంతకు తక్కువ దేనినీ తాను కోరుకోనని తల్లికి చెప్పమన్నారు. చివర్లో తన భార్య గురించి ఒక మాట. ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పమని తండ్రిని కోరారు. పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయట.

ఈ ఉత్తరం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. మా ఇంట్లో ఉత్తరం రాసేవాళ్లూ లేరు, వస్తే చదివేవాళ్లూ లేరు. మా నాన్న ఈ రోజుకీ వేలిముద్రే. దూరంగా ఉన్న కొడుకు తండ్రితో ఇన్ని సంగతులు ఇంత నెమ్మదిగా చెప్పగలగడం మాకు ఆయన ధైర్యం కంటే ఎక్కువగా ఆశ్చర్యం కలిగించింది. మేము ఇంటికి ఫోన్ చేస్తే తిన్నావా, తిన్నాను, డబ్బులున్నాయా, ఉన్నాయి, అంతటితో ఆగిపోతుంది.

కథల మాట వచ్చినప్పుడు మా వాడొకడు, ఏకలవ్యుడి కథ కూడా చెప్పమన్నాడా అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. మన హాస్టల్లో ఆ కథను మనం వేరేగా చదువుకుంటాం. కానీ ఆ ఉత్తరం చదివితే మాకు గుర్తొచ్చింది అభిమన్యుడు. తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహంలోకి వెళ్లే దారి విన్నవాడు, బయటకు వచ్చే దారి వినని వాడు. కడుపులోని బిడ్డ కథలు వింటుందని నమ్మిన ఆ తండ్రికి అభిమన్యుడి కథ తెలియకుండా ఉండదు. తొమ్మిది రోజుల తర్వాత ఆయనే ఒక వ్యూహంలోకి వెళ్లారు.

1999 జూన్ 28 రాత్రి. పున్నమి వెన్నెల. వెన్నెల మనకు అందం, కొండ ఎక్కే సైనికుడికి శత్రువు. నోల్ అనే స్థావరాన్ని పట్టే బాధ్యత ఆచార్య గారి కంపెనీది. ఆ స్థావరం చుట్టూ మందుపాతరలు, ముందు మెషిన్‌గన్లు, వెనుక నుంచి ఫిరంగులు. బెటాలియన్ మొత్తం పథకం, ఆ పైన బ్రిగేడ్ పథకం ఈ ఒక్క స్థావరం త్వరగా చేతికి రావడం మీదే ఆధారపడి ఉన్నాయి. దాడి మొదలు కాగానే శత్రువు ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ మీద పడ్డాయి. ఎందరో జవాన్లు ఒక్కసారిగా నేలకొరిగారు. దాడి అక్కడే ఆగిపోవలసింది. కంపెనీ కమాండర్ వెనక ఉండి నడిపించవచ్చు, అది తప్పు కాదు. ఆచార్య గారు వెనక ఉంచిన రిజర్వు ప్లటూన్‌ను తీసుకుని, గుండ్లు పడుతున్న ఆ చోటు గుండానే ముందుకు నడిచారు. పక్కన మనుషులు పడిపోతున్నారు. ఉన్నవాళ్లను పేరుపేరునా హుషారు చేస్తూ నిట్టనిలువు రాతి వాలు మీదకు ఎక్కించారు. తానే పాకుతూ బంకర్ దాకా వెళ్లి లోపలికి గ్రెనేడ్లు విసిరారు. తూటాలు, ఫిరంగి ముక్కలు ఒంట్లో దిగాయి. ఇక కదలలేని స్థితి వచ్చింది. తనను అక్కడే వదిలి ముందుకు వెళ్లమని తన మనుషులకు ఆజ్ఞ ఇచ్చి, పడి ఉన్నచోటు నుంచే తుపాకి పేలుస్తూ ఉన్నారు. వాళ్లు వెళ్లారు. స్థావరం చేతికి వచ్చింది. ఆయన అక్కడే కన్నుమూశారు.

అదే రాత్రి అదే బెటాలియన్‌లో మరో ఇద్దరు అధికారులు పోయారు. కెప్టెన్ విజయంత్ థాపర్ వయసు 22 ఏళ్లు, అంటే మా కంటే ఒక ఏడాది చిన్న. కెప్టెన్ కెంగురుసే నాగాలాండ్ కొండల నుంచి వచ్చినవాడు. బూట్లు జారుతున్నాయని ఆ మంచులో వాటిని విప్పేసి వట్టి కాళ్లతో బండ ఎక్కినవాడు. ఒక తెలుగునేల మనిషి, ఒక ఉత్తరాది కుర్రవాడు, ఒక నాగా గిరిజనుడు ఒకే కొండ మీద ఒకే రాత్రి.

మా తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉందన్నాం కదా. ఆచార్య గారి వెంట నడిచిన ఆ రిజర్వు ప్లటూన్ ఎవరు? ముందు నడిచి ఫిరంగి గుండ్లకు పడిపోయిన ప్లటూన్ ఎవరు? పల్లెటూరి పిల్లలు. పదో తరగతి, ఇంటర్ చదివి, రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగెత్తి, ఛాతీ కొలిపించుకుని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు. అంటే మనవాళ్లే. మా మిత్రుడు రేపు సెలెక్ట్ అయితే నిలబడేది ఆ వరుసలో. ఆచార్య గారి గురించి మాకు తెలిసిన సంగతులన్నీ ఆయన పతకంతో పాటు చదివే ప్రశంసాపత్రం పుణ్యమా అని తెలిసినవి. ఆ పత్రంలో ఆయన మనుషులు అని ఉంటుంది, వాళ్ల పేర్లు ఉండవు. ఇది ఆయన తప్పు కాదు. పతకం ఒక్క మనిషి ఛాతీ మీదే పెట్టగలరు.

ఇలా అంటే జవాన్లకు పెద్ద పతకాలు రావని కాదు. కార్గిల్ యుద్ధంలో పరమవీర చక్ర పొందిన నలుగురిలో ఇద్దరు జవాన్లే. గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పటికి 19 ఏళ్లు. రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ సైన్యంలోకి రాకముందు ఢిల్లీలో టాక్సీ నడిపాడు, సెలక్షన్లలో మూడుసార్లు తిరస్కరించారు. ఈ సంగతి మా మిత్రుడికి చెప్పినప్పుడు వాడు ఆ రోజు రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తాడు.

ఇక పతకం గురించి. ఆచార్య గారికి మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర తర్వాత ఇది రెండోది. మూడోది వీర చక్ర. ఈ మూడింటినీ 1950 జనవరి 26న, అంటే మనం రిపబ్లిక్ అయిన రోజునే నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. మహావీర చక్ర గుండ్రని వెండి బిళ్ల. దాని మీద అయిదు కోణాల నక్షత్రం, మధ్యలో బంగారు పూతతో మన రాజముద్ర. తెలుపు, నారింజ రంగులు సగం సగంగా ఉన్న రిబ్బనుతో ఎడమ వైపు గుండె మీద ధరిస్తారు. పోయినవారి పతకాన్ని రాష్ట్రపతి చేతుల మీదుగా భార్యకో, తల్లిదండ్రులకో అందజేస్తారు. ఆ సమయంలో ప్రశంసాపత్రం పైకి చదువుతుంటే, ఇంటి మనిషి అంతమంది ముందు నిలబడి వినాలి. ఎలా చనిపోయాడో వాక్యం వాక్యంగా వినాలి. యుద్ధం కంటే అదే కష్టమేమో అనిపించింది మాకు. కార్గిల్ పతకాలు ప్రకటించిననాడు సర్వసైన్యాధిపతి హోదాలో ఉన్నది రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు. కేరళలో పూరిగుడిసెలో పుట్టి మైళ్లు నడిచి బడికి వెళ్లిన నారాయణన్ గారి జీవితం గురించి మన పాత సంచికల్లో చదివే ఉంటారు.

ఈ పతకాల రూపకర్త ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. స్విట్జర్లాండ్‌లో 1913లో పుట్టి, భారతీయ సైనికాధికారిని పెళ్లాడి, సంస్కృతం, పురాణాలు నేర్చుకుని సావిత్రి ఖానోల్కర్‌గా మారిన మహిళ ఆమె. పరమవీర చక్ర మీద ఇంద్రుని వజ్రాయుధం వేసింది ఆమే. దేవతల కోసం దధీచి మహర్షి తన వెన్నెముకనే ఇచ్చిన కథ మనకు తెలిసిందే. దేశం కోసం ఒళ్లిచ్చిన వాడికి ఆ గుర్తు ఇవ్వాలని తోచడం ఆమె గొప్ప. మొట్టమొదటి పరమవీర చక్ర 1947లో కాశ్మీరులో చనిపోయిన మేజర్ సోమనాథ్ శర్మకు వచ్చింది. ఆయన ఆమె కూతురి అత్తింటి కుటుంబానికి చెందినవారే.

సాహసానికి ఇచ్చే పతకం ఒకటైతే, గాయానికి ఇచ్చే పతకం వేరు. అమెరికాలో పర్పుల్ హార్ట్ అని ఉంది. జార్జి వాషింగ్టన్ 1782లో సామాన్య సైనికుల కోసం ఊదారంగు గుడ్డతో గుండె ఆకారంలో ఒక గుర్తు ఏర్పాటు చేశాడు. అప్పటివరకు గౌరవాలన్నీ ఆఫీసర్లకే. మధ్యలో మరుగున పడిన ఆ గుర్తును 1932లో తిరిగి తెచ్చారు. తర్వాత అది శత్రువు చేతిలో గాయపడిన లేక చనిపోయిన సైనికులకు ఇచ్చే పతకం అయింది. మన దేశంలో శత్రువు వల్ల గాయపడిన సైనికులకు పతకం 1973లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు చనిపోయిన ప్రతి సైనికుని ఇంటికీ ఆ మనిషి పేరు పోతపోసిన పెద్ద కంచు బిళ్ల పంపారు. మన దేశపు ఇళ్లకు కూడా వచ్చాయి. బ్రిటిష్ వాళ్ల సైనిక స్మారకాల్లో మనకు అందరికీ తెలిసినది కోరేగాం స్తంభం. 1818 జనవరి 1 నాటి యుద్ధంలో పడిన మహర్ సైనికుల పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. సుబేదార్ కొడుకైన అంబేద్కర్ గారు 1927లో అక్కడికి వెళ్లారు. ఏ బావి దగ్గరా నీళ్లు తోడుకోనివ్వని మనుషుల పేర్లు రాతి మీద చెక్కి ఉండడం ఎంత పెద్ద సంగతో ఆయనకు తెలుసు. పతకం తింటామా అని అడిగితే తినం. కానీ పేరు రాయడం చిన్న విషయం కాదని మన చరిత్రే చెబుతోంది.

కార్గిల్ యుద్ధం జూలై 26న ముగిసింది. 527 మంది చనిపోయారు, 1,300 మందికి పైగా గాయపడ్డారు. అంతకు ముందు యుద్ధాల్లో పోయిన సైనికులకు ఎక్కువగా అక్కడే అంత్యక్రియలు చేసేవారు. కార్గిల్‌లో శవపేటికలు సొంత ఊళ్లకు వచ్చాయి. టీవీల్లో మొదటిసారి యుద్ధాన్ని చూసిన జనం ఆ ఊరేగింపులను కూడా చూశారు. మన ఉమ్మడి రాష్ట్ర రాజధాని హైదరాబాదులో ఆచార్య గారి కుటుంబం కూడా ఆ దుఃఖాన్ని అంతమంది మధ్య భరించింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు మళ్లీ మన తెలుగువారికి ఆ పతకం వచ్చింది. సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో చనిపోయారు. ఆయనకు కూడా మరణానంతరం మహావీర చక్రే. అప్పుడు మేము ఇంటర్ పూర్తి చేసి, కరోనా వల్ల హాస్టళ్లు మూసేస్తే ఊళ్లో కూలిపనులకు వెళ్తున్నాం. ఆ వార్త మాకు బాగా గుర్తు.

మా మిత్రుని తల్లి అడిగిన ప్రశ్నకు ఇదంతా సమాధానం అవుతుందని మేము అనుకోవడం లేదు. 2022 నుంచి వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ల సర్వీసే, తర్వాత నలుగురిలో ఒక్కరినే ఉంచుకుంటారు. ఆమెకు ఆ లెక్క కూడా తెలుసు. అయినా మేము ఒక ఆదివారం వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఆచార్య గారి ఉత్తరం గురించి ఆమెకు చెప్పాం. కొండ ఎక్కిన సంగతి, బంకర్ సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పుట్టబోయే బిడ్డకు కథలు చెప్పమన్న సంగతి చెప్పగానే, బిడ్డ పుట్టిందా, ఎవరు పెంచారు, ఇప్పుడెలా ఉంది అని వరసగా అడిగింది.

పుట్టింది. తండ్రి పోయిన కొద్ది నెలలకు ఆడపిల్ల పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టారు. తండ్రిని ఫోటోల్లో, ఉత్తరాల్లో, ఇంట్లోవాళ్లు చెప్పిన కబుర్లలో తప్ప చూడని ఆ అమ్మాయి పెద్దయ్యాక తండ్రి మీద పుస్తకం రాసింది. ఆ పుస్తకం పేరులో మేజర్ అని లేదు, బబ్లూ అని ఉంది. ఇంట్లో పిలుచుకున్న పేరు. ఈ సంచిక డబ్బుల్లో మిగిలితే ఆ పుస్తకం ఒకటి కొని మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టమని వార్డెన్ గారిని అడిగాం, సరేనన్నారు. ఇంగ్లీషులో ఉంది కనుక రాత్రి స్టడీ అవర్‌లో ఇంటర్ తమ్ముళ్లకు మేమే చదివి తెలుగులో చెబుతాం. మా మిత్రుడికి మాత్రం ముందే చెప్పాలి. వాడు తొమ్మిదింటికే నిద్రపోతాడు, నాలుగింటికి లేవాలి కదా.